మడిచిన చార్టు

ప్రతి ఏడాదీ యూనివర్సిటీ నుంచి బీఎడ్ విద్యార్థులు శిక్షణ కోసం మా నారాయణగూడ బడికి వస్తారు. ఈ ఏడాది వాళ్లతోపాటు ఒక కొత్త మాట కూడా వచ్చింది: భాగస్వామ్యం. ఇకమీదట మార్కులు వేసేటప్పుడు బడి టీచర్ల అభిప్రాయం కూడా అడుగుతామని మీటింగులో చెప్పారు. సమోసా తింటూ తలూపాను. ఇలాంటివి విని విని విసుగొచ్చేసింది.

నాకు అప్పగించిన అమ్మాయి అశోక్ నగర్ హాస్టల్లో ఉంటుంది. అక్కడ అందరూ గ్రూప్స్‌కు చదివేవాళ్లే. టీచర్ పని నీకెందుకని రూమ్మేట్లు రోజూ పోరు పెడతారట.

"ఈ మార్కులు మంచిగొస్తే ఇందులనే ఉంట మేడం. లేకుంటే నేను గూడ కోచింగ్‌ల చేరుత" అంది. పిల్లలతో ఆమె మాట్లాడే తీరు చూశాక, అలా చేరకూడదని గట్టిగా కోరుకున్నాను.

పరిశీలనకు యూనివర్సిటీ సార్ వచ్చే ముందురోజే అదే పాఠం పిల్లలకు చెప్పించేయడం మా దగ్గర ఆనవాయితీ. మర్నాడు చేతులు టపటపా లేస్తాయి. సార్‌కూ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ రోజు పాఠం భిన్నాలు. అంతా సాఫీగా సాగుతుండగా, ముందురోజు జ్వరమొచ్చి బడికి రాని పిల్ల లేచింది.

"టీచర్, రెండు కంటే నాలుగు పెద్దది గద. మరి సగం కంటే పావు చిన్నదెట్లయితది?"

శిక్షణకొచ్చిన అమ్మాయి పాఠం ప్లాన్ పక్కన పెట్టింది. తర్వాత, కష్టపడి రంగులేసి తెచ్చిన చార్టును గోడకు తగిలించకుండా ఆ పిల్ల చేతికిచ్చి మడవమంది. ఒక మడత, దాని మీద ఇంకో మడత. ముక్క చిన్నదవుతుంటే పిల్ల నోరు తెరుచుకుని చూసింది. అంతలో గంట కొట్టారు.

"ప్లాన్ పూర్తి కాలేదు. చార్టు ప్రదర్శించలేదు" అన్నారు సార్.

నాకు ఒళ్లు మండింది. "ఆ పిల్లకు సమజైంది సార్, అది చాలదా?"

"నిజమే మేడం, కానీ దానికి మార్కుల్లేవు కదండీ" అన్నారు. పాపం, ఆయనా అలసిపోయే ఉన్నారు. విద్యానగర్‌లో ఇంకో బడికి వెళ్లాలి.

సాయంత్రం చిక్కడపల్లి చౌరస్తా దాకా ఆ అమ్మాయీ నేనూ కలిసి నడిచాం. ఈమె కూడా కోచింగ్‌కు పోయినట్టే అనుకున్నాను. చాలా బాధేసింది.

ఆ పాఠంతో శిక్షణ ముగిసింది కాబట్టి మర్నాడు ఆమె రావాల్సిన పనిలేదు. నేను వెళ్లేసరికి మాత్రం క్లాసులో ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా నలిగిన చార్టు.

"మళ్లెందుకొచ్చినవమ్మా?" అన్నాను.

"కొంచెం మిగిలింది కద మేడం. ఇయ్యాల మార్కులేసేటోళ్లు లేరు, నిమ్మళంగ చెప్త."