తావు పట్టేదాకా

మా లోయలో గుంపులకి పేర్ల కరువు లేదు. గొర్రెలు కొండ మీద ఉంటే ఒక పేరు, రోడ్డు వెంట నడిస్తే ఇంకో పేరు, మందలోంచి చీలి రాళ్ళ చాటున నక్కిన నాలుగైదింటికి వేరే పేరు. పెద్దబాతులకి నేల మీద ఒకటి, గాల్లో ఒకటి. సంతకి వచ్చే దళారుల గుంపుకీ ఒక పేరుంది గాని ఆడవాళ్ళ ముందు అనరు. వాటిని కదిలించడానికీ అంతే. కూడగట్టడం వేరు, తోలడం వేరు, అదిలించడం వేరు, మళ్ళించడం వేరు. ఈ మాటలన్నీ టామర్ మౌన్సీకి తండ్రి ఇచ్చిన ఆస్తి. ఇంకో ఆస్తి ఆయనకి లేదు. ఊరందరి గొర్రెలూ కాశాడు, ఒక్క గొర్రె తనది కాకుండానే పోయాడు. కూతురూ అదే పని పట్టింది.

యాభై దాటేదాకా టామర్ ఇంకొకరి ఇంటి వెనక గదిలోనే పడుకుంది. గొర్రెలు ఈనే కాలానికి ఒక ఇల్లు, ఉన్ని కత్తిరింపులకి ఒక ఇల్లు, చలికాలానికి ఎవరు రమ్మంటే వాళ్ళది. సామానంతా ఒక సంచి. వెంట నిప్ అనే కుక్క.

తరవాత గొర్రెలకి గాలికుంటు రోగం వచ్చింది.

బ్లీ కొండకి కంచె లేదు, ఎన్నడూ లేదు. ఒక్కో రైతు మందకీ మేయడానికి ఒక్కో తావు. అది ఎక్కడిదాకో తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, అది తల్లయ్యాక తన పిల్లకి నేర్పుతుంది. రోగం పాకకుండా గిల్బర్ట్ రెల్ఫ్ అనే రైతు మందని సర్కారు మనుషులు ఒక్క మధ్యాహ్నంలో చంపి, గుంట తీసి తగలబెట్టారు. వాటితోపాటు ఆ నేర్పూ బూడిదైంది. గొర్రెలకి సర్కారు పరిహారం ఇచ్చింది. నేర్పు సంగతి అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. శిఖరానికి అవతలి వైపున్న లాంటీ డార్గ్ మందకి మాత్రం రోగం అంటలేదు.

గిల్బర్ట్ ఎక్కడో వేరే కొండల గొర్రెల్ని కొనుక్కొచ్చి వదిలాడు. వాటికి ఇదంతా ఒకటే గడ్డి. తెల్లారేసరికి కొన్ని లాంటీ గడ్డి మీద ఉండేవి, కొన్ని రోడ్డు మీద.

"ఎవరో ఒకరు రోజంతా శిఖరం అంచున నిలబడాలి," అన్నాడు గిల్బర్ట్. "కొండ కింద రాతిగోడ పక్క మా ఇల్లు ఖాళీగానే ఉంది. జీతం కూడా ఇస్తా. ఉంటావా?"

"ఎన్నాళ్ళు?"

"గొర్రెలు తావు పట్టేదాకా."

అలా టామర్‌కి మొదటిసారి తను వేసుకుని తను తీసుకునే తలుపు ఒకటి దొరికింది. రెండు గదులు, ఒక పొయ్యి, కొండ వైపు కిటికీ. పొయ్యి పక్కన నిప్‌కి పాత కోటు పరిచింది. కిటికీ చెక్కకి పచ్చరంగు వేసింది. తనది కాని ఇంటికి రంగెందుకని గిల్బర్ట్ నవ్వితే, "నువ్వు చూడకు, నేను చూసుకుంటా," అంది.

పని చెప్పుకోడానికి ఏమీ లేదు. పొద్దున్నే ఫ్లాస్కులో టీ, చీజు పెట్టిన రొట్టె తీసుకుని శిఖరం మీదికి ఎక్కేది. వానలో, మంచులో, చెవులు కోసే గాలిలో అక్కడే నిలబడేది. గొర్రె అంచుకి వస్తే నిప్‌ని చుట్టూ పంపి, తొందర లేకుండా, మేసే గొర్రె తల ఎత్తనక్కరలేనంత నెమ్మదిగా వెనక్కి కూడగట్టేది. ఎన్నడూ తోలలేదు. "తోలితే గొర్రెకి భయమే గుర్తుంటుంది, చోటు గుర్తుండదు," అని తండ్రి మాట. ఆ పనిలోని విడ్డూరం ఆమెకి తెలియక కాదు. పని బాగా చేస్తే పని పోతుంది. పనితో ఇల్లు పోతుంది. అయినా చేతకానట్టు చేయడం ఆమెకి రాలేదు.

ఏళ్ళు గడిచాయి. కొండ మీద పుట్టిన పిల్లలు తల్లులయ్యాయి. ఒక ఎండాకాలం టామర్ గమనించింది: గొర్రెలు శిఖరం దాకా మేస్తూ వచ్చి, కుక్క లేవకముందే వాటంతట అవే వెనక్కి తిరుగుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

ఉన్ని కత్తిరింపులయ్యాక గిల్బర్ట్ అడిగాడు.

"ఈసారి నువ్వు పైకి పోకు, టామర్. కొండ గేటు దాటించి వదిలేద్దాం. ఎక్కడుంటాయో చూద్దాం."

"ఇప్పుడే వద్దు. ఇంకో ఏడాది పోనీ."

"ఆ మాట రెండేళ్ళుగా వింటున్నా. సెలవులకి వచ్చేవాళ్ళు ఆ ఇంటి కోసం అడుగుతున్నారు. పచ్చ కిటికీ బాగుందట."

గొర్రెల్ని గేటు దాటించి వదిలిన మూడో రోజు పొద్దున కొండ సగానికి మబ్బు దిగింది. టామర్ ఊతకర్ర తీసుకుని పైకి పోయింది. గొర్రెలు తమ తావులోనే ఉన్నాయి. నిప్‌ని వాటి వెనక్కి పంపి, శిఖరం వైపుకి తోలించింది. అంచు దగ్గర నిప్ ఆగి ఆమె మొహం చూసింది. ఇన్నేళ్ళూ అది నేర్చుకున్నది ఆ గీత దాటించకూడదనే. "పో!" అని అరిచింది టామర్. నిప్ కదల్లేదు. రెండోసారి తండ్రి గొంతుతో అరిచింది. కుక్క పోయింది. గొర్రెలు రాళ్ళ మీద జారుతూ, పిల్లలు అరుస్తూ, లాంటీ వైపు మబ్బులో కలిసిపోయాయి.

మర్నాడు మబ్బు విడింది. ఇంట్లో కూర్చోలేక టామర్ శిఖరం ఎక్కేసరికి, అక్కడ లాంటీ రాతి మీద కూర్చుని పైపు కాలుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. కొండ మీద అందరూ కలిసి గొర్రెల్ని కూడగట్టే రోజున ఎవరు ఎక్కడ నడవాలో చెప్పేది ఆయనే.

"ఏం పిల్లా, మా వైపు ఏమైనా పారేసుకున్నావా?"

"గొర్రెలు గాని వచ్చాయా?"

"వచ్చాయి. రొప్పుతూ వచ్చాయి. దారి తప్పిన గొర్రె మేస్తూ వస్తుంది, రొప్పుతూ రాదు."

"మబ్బుకి బెదిరి ఉంటాయి."

"మబ్బుకేలే. రెండు కాళ్ళూ ఊతకర్రా ఉన్న మబ్బు." లాంటీ పైపు రాతికేసి కొట్టాడు. "కుక్కని మాత్రం ఏమనకు. అది సిగ్గుపడుతోంది."

టామర్ వంగి నిప్ తల నిమిరింది.

"ఇప్పుడెక్కడున్నాయి?"

"నన్నడుగుతావేం? అటు చూడు."

కింద నుంచి గొర్రెలు బారుగా ఎక్కి వస్తున్నాయి. ముందు చెవి చీలిన గొర్రె. మొదటి ఏడాది ఇక్కడే పుట్టింది. దాన్ని ఈ అంచు నుంచి ఎన్నిసార్లు మళ్ళించిందో టామర్‌కే తెలియదు. వెనక దాని పిల్ల, ఆ వెనక మిగతావి. వాళ్ళిద్దరి పక్క నుంచే శిఖరం దాటి, తమ తావులోకి దిగి, తల వంచి మేయసాగాయి. ఎవరూ పిలవలేదు, తోలలేదు.

టామర్ నోట్లోంచి నవ్వు తప్పించుకుంది. ఆ తరవాతే పచ్చ కిటికీ గుర్తొచ్చింది.

"గిల్బర్ట్ ఇంకా చూడలేదు," అన్నాడు లాంటీ. "నేను కొండెక్కిన సంగతి నా పెళ్ళానికే తెలీదు. నీ ఇష్టం."

"చెప్పకపోతే మళ్ళీ తోలాలి. మళ్ళీ మళ్ళీ తోలితే పాడైపోతాయి. ఏడేళ్ళు నిలబడి నేర్పింది, నా చేత్తో నేనే చెరపనా?"

"నేర్పమని ఎవరన్నారు అంత బాగా!"

ఆ సాయంత్రమే టామర్ గిల్బర్ట్ వాకిట్లో నిలబడి, "తావు పట్టాయి," అని చెప్పి వచ్చేసింది. గిల్బర్ట్ మంచివాడే. నెలాఖరుదాకా ఉండమన్నాడు, ఒక పొట్టేలు తొడ ఇచ్చాడు. మంచివాళ్ళ మంచితనం సాధారణంగా అంతవరకే ఉంటుంది. టామర్ సంచి సర్దుకుని, పట్నంలో చెల్లెలి ఇంటి మేడగదికి చేరింది. బిస్కట్ల ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు పెట్టే పని దొరికింది. ఆ వరసలో నిలబడేవాళ్ళ గుంపుకి ఏ పేరూ లేదని చెల్లెలితో అంది.

శరత్కాలంలో కొండ కూడగట్టే రోజుకి టామర్‌ని ఎవరూ పిలవలేదు. మొదటి బస్సెక్కి, నిప్‌ని వెంటబెట్టుకుని తనే వచ్చింది. గేటు దగ్గర రైతులందరూ ఉన్నారు. గిల్బర్ట్ ఆమెని చూసి బూట్ల వైపు చూసుకున్నాడు. లాంటీ మామూలుగా చోట్లు చెప్పుకుంటూ పోయాడు. గోడ వెంట ఒకరు, వాగు వెంట ఇద్దరు.

"పై అంచు టామర్‌ది," అన్నాడు.

"ఆమె ఇప్పుడు నా దగ్గర లేదు కదా, లాంటీ," అన్నాడు గిల్బర్ట్.

"నీ దగ్గర లేదు. కొండ దగ్గర ఉంది. నీకు మోకాళ్ళు బాగుంటే నువ్వెక్కు." లాంటీ ఆమె వైపు తిరిగాడు. "ఈసారి ఏ వైపుకి, పిల్లా?"

"కిందికే," అంది టామర్.

పచ్చ కిటికీ ముందు ఎవరిదో కారు ఆగి ఉంది. దాని పక్క నుంచి నడిచి, గోడ దాటి, ఆగకుండా పైకి ఎక్కింది. శిఖరం మీద నిలబడి చెయ్యెత్తింది. నిప్ చుట్టూ తిరిగి పోయింది, నెమ్మదిగా.