మాత్రలు మానిన ఏడాది

రాజాంలో మెయిన్ రోడ్డు మీద మందుల షాపు, పై అంతస్తులో ఇల్లు. ఆ ఇంటి కోడలు ఝాన్సీలక్ష్మి ఎనిమిదేళ్లుగా నెలసరి వాయిదా మాత్రలు మింగుతూనే ఉంది. శ్రావణ శుక్రవారాలు, కార్తీక సోమవారాలు, మార్గశిర లక్ష్మివారాలు, ఎప్పుడూ ఏదో ఒక పూజ. మడి వంటకు ఆమె తప్ప మరో దిక్కు లేదు. అత్త సుభద్రమ్మకు అంటు గిట్టదు, పొయ్యి దగ్గర నిలబడడం అసలే గిట్టదు. మాత్రలు కింద సొంత షాపులోవే కనుక అడిగేవాడూ లేడు.

2015లో కడుపునొప్పి వస్తే విజయనగరంలో స్కానింగ్ తీశారు. కాలేయంలో నిమ్మకాయంత గడ్డ. కేన్సర్ కాదన్నాడు డాక్టరు. ఆ మాత్రల వల్లే వచ్చుంటుంది, మానేస్తే దానంతటదే తగ్గొచ్చు, ఏడాది పోయాక మళ్లీ చూద్దామన్నాడు. భర్త ఆనంద్‌కుమార్ హడలిపోయి మాత్రలు మాన్పించాడు.

ఆ ఏడాది నెలకు మూడు రోజులు ఝాన్సీలక్ష్మి వెనక వరండాలో చాప మీద పడుకుంది. సుభద్రమ్మ తిట్టుకుంటూ వండింది. పెళ్లయ్యాక అంత హాయి ఝాన్సీలక్ష్మి ఎరగదు. గడ్డ పెరగకూడదు, కరగకూడదు, అలాగే ఉండాలని దేవుడికి దండం పెట్టుకుంది. ఎంత సుఖపడిందో చూడండి, రోగాన్ని ఉంచమని మొక్కుకునేంత!

ఏడాది పోయాక మళ్లీ స్కానింగ్ తీస్తే గడ్డ మాత్రం కుంకుడుగింజంత అయిపోయింది. డాక్టరు సంబరపడ్డాడు. "ఆ మాత్రలు మాత్రం ఇక జన్మలో ముట్టుకోవద్దమ్మా."

ఆనంద్‌కుమార్ బయట ఫోనులో ఉన్నాడు. ఝాన్సీలక్ష్మి మందుల చీటీ డాక్టరు ముందుకు జరిపింది. "ఆ మాట కాగితం మీద రాసీండి బాబూ."

"మీకు మందుల షాపుందిగా, ఆయనకు తెలీదా?" అని నవ్వి, తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఇంట్లో సుభద్రమ్మ రిపోర్టును కొడుకుతో రెండుసార్లు చదివించుకుంది. "తగ్గినాదనే ఉంది. మాత్రలొద్దని ఎక్కడుంది?"

"నోటితో సెప్పారత్తయ్యా. ఎప్పుడూ ముట్టుకోవద్దన్నారు."

"నీకు సెప్పారేటిరా?"

"నాకు సెప్పలేదమ్మా," అన్నాడు ఆనంద్‌కుమార్. రోజూ వందమందికి మందులిచ్చే మనిషి! అన్నది నిజమే, పిరికివాడికి ఆ కాస్త నిజం చాలు.

"ఏడాది పడుకున్నావు, సాల్లే. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం," అంది సుభద్రమ్మ.

ఝాన్సీలక్ష్మి భర్త ముఖంలోకి చూసింది. అతను కిందికెళ్లి మాత్రల షీటు తెచ్చాడు, గ్లాసుతో నీళ్లు కూడా తనే తెచ్చాడు.

"మళ్లీ పెరిగితే మళ్లీ మానేద్దువులే," అన్నాడు, ఎంతో ప్రేమగా.