సగానికి మరిగిన నిమ్మరసం

ఆ రోజు పొద్దున వేపపుల్లతో పళ్లు తోముకుంటే ఉమ్మినదంతా నెత్తురే. పుల్ల గుచ్చుకుందేమో అనుకున్నాను. మరునాడు వేలితో తోముకున్నా నెత్తురు ఆగలేదు. యుద్ధం నడుస్తూ బయటి నుంచి సరుకులు సరిగా రాని రోజులవి. నా మొదటి బిడ్డకు అప్పుడు మూడో నెల.

మాది వరంగల్ బజారులో జామకాయలు, నిమ్మకాయలు అమ్మే ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గదిలో నా మంచం. ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చిన జామ గంపల వాసన మంచం దాకా వచ్చేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని బతుకు నాది. గర్భంతో ఉండగా జ్వరం వచ్చిందని ఏడో నెల నుంచే పత్యం పెట్టారు. కాన్పయ్యాక అది ఇంకా బిగిసింది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, అంతే. ఆకుకూర లేదు, పులుపు లేదు, కాయ లేదు.

"తల్లి తింటె పిల్లకు రొంప పడతది బిడ్డా. మేమందరం గిట్లనే కన్నం," అనేది అత్తమ్మ.

తర్వాత కాళ్లు ఎవరో కొట్టినట్టు కమిలిపోయాయి. చూడవచ్చిన మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "అల్లుడు చెయ్యి చేసుకుంటాండా?" అని అడిగింది. పాపం, ఆయన నన్ను గట్టిగా ఒక మాట అని ఎరుగడు. చిగుళ్లు ఉబ్బి నేరేడు రంగుకు తిరిగాయి. పాలు తగ్గాయి. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే ఎత్తుకునే బలం కూడా లేదు. నేను పోతే ఈ పిల్ల ఎట్లా బతుకుతుందన్నదే నా భయం.

వేడి చేసిందని అత్తమ్మ అంటున్నా వినకుండా మా ఆయన నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ బ్లడ్ టెస్ట్ చేయించింది. చేతికి బీపీ పట్టీ బిగించి కాసేపుంచి విప్పితే చర్మం మీద ఎర్రని చుక్కలు లేచాయి.

"ఇది స్కర్వీ. విటమిన్ సి లేక వస్తది. ఎనకట నెలల తరబడి ఓడల మీద పోయేటోళ్లకు వచ్చేది. మీరేం పని చేస్తరు?"

"జామకాయలు, నిమ్మకాయలు అమ్ముతం," అన్నాడు మా ఆయన తల దించుకుని.

ఆమె నవ్వలేదు. "యుద్ధం మూలాన టాబ్లెట్లు వస్తలేవు. రోజూ నిమ్మరసం తాగించుండ్రి."

పది రోజులు తాగాను. తగ్గకపోగా ముందు పన్ను కదలడం మొదలుపెట్టింది. మళ్లీ పోయాం. ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది.

"నిమ్మరసం ఎట్ల ఇస్తాన్నరు?" అని అడిగింది డాక్టరమ్మ.

"బాలింతకు పచ్చిది ఎట్లిస్తమమ్మా? కషాయం లెక్క సగమయ్యేదాక మరగబెట్టి, పొద్దుగూకేదాక అదే ఇస్తాన్న."

"గంతసేపు మరిగితె పులుపు ఉంటది గని విటమిన్ చానామటుకు పోతది. పులుపు వేరు, మందు వేరు." డాక్టరమ్మ అత్తమ్మ నోటి వైపు చూసింది. "నీ ముందు పళ్లు ఎప్పుడు పోయినయి?"

"మూడో కాన్పుకే. కాన్పుకో పన్ను పోతనే ఉంటది గద," అంది అత్తమ్మ, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. ఆమెకు కూడా ఈ కూడే పెట్టి, ముప్పై ఏళ్లు రాకముందే పళ్లు ఊడితే అది ఆడదాని రాత అని చెప్పిన వాళ్ల మీద.

ఆ సాయంత్రం మా ఆయన జామకాయ దంచి తెచ్చాడు. చిగుళ్లు భగ్గున మండాయి. బిడ్డ రెండుసార్లు తుమ్మింది. అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఇంకో ముద్ద తిన్నాను. వారంలో నెత్తురు ఆగింది. నెల తిరిగేసరికి మచ్చలు పోయాయి, పన్ను గట్టిపడింది, పాలు పెరిగాయి.

ఇప్పుడు నా బిడ్డకు ఐదేళ్లు. నిరుడు మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చినప్పుడు అత్తమ్మే కాయ కోసి ఇచ్చింది. మీ ఇంట బాలింత ఉంటే, డాక్టరు వద్దంటే తప్ప, రోజుకొక పచ్చి జామకాయో నిమ్మకాయో ఆమెకు ఇవ్వండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి.

అత్తమ్మ కూడా ఇప్పుడు రోజూ జామకాయ తింటుంది. ఇంటి నిండా కాయలున్నా కొరకడానికి పళ్లు లేవు, రోట్లో దంచుకోవాల్సిందే.