నూకరాజుతో కొనిపించిన కత్తి

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఈలోగా ఉద్యోగంలో కుదురుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, స్టీల్‌ప్లాంటులో మా నాన్న రిటైరయ్యారు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే. అంతా విన్నాక "ఇంతేనా, ఆటే కదా" అంటారేమో. దయచేసి అనకండి. ఎనిమిదేళ్ళూ నాకు నేనే "ఆటే కదా" అని చెప్పుకుని బతికాను. పోయిన నెలలో ఆ ఆసరా కూడా పోయింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఫోన్లో ఆడేది. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, ఒకరి కోటను ఒకరు కూల్చాలి. మా జట్టులో గట్టిగా దెబ్బ కొట్టేవాడు ఒక్కడే, విలుకాడు. మిగతా నలుగురం వాడిని కాపాడుకుంటూ తిరుగుతాం. అటు జట్టులో మంత్రగాడు ఒకడుంటాడు, దూరం నుంచే విలుకాడి ప్రాణం తీయగలడు. ఆట సాగేకొద్దీ బంగారం వస్తుంది, దాంతో వాడు ఆయుధాలు కొనుక్కోవాలి. ఆరే ఆరు కొనగలడు. ఏది ఎప్పుడు కొన్నాడన్న దాన్ని బట్టే గెలుపోటములు. ఎదుటివాళ్ళు కవచాలు తొడుక్కుంటే, కవచాన్ని చీల్చే విల్లు ఒకటి ఉంటుంది, అది కొనాలి. లేకపోతే ఎన్ని బాణాలు వేసినా దోమ కుట్టినట్టే ఉంటుంది. ఇంకోటి రక్తం తాగే కత్తి. అది ఉంటే కొట్టిన ప్రతి దెబ్బకూ మన ప్రాణం కొంత తిరిగి వస్తుంది. మంచి ఆయుధమే, కానీ దెబ్బంటూ దిగాలి కదా. కవచం మీద దిగని దెబ్బకు ఏం రక్తం వస్తుంది? ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. విల్లు, కత్తి. నా కథంతా ఇంతే.

మా విలుకాడి పేరు నూకరాజు. ఫిషింగ్ హార్బర్ వాడు. వాళ్ళ నాన్న బోటు నడిపే సరంగు. వాడి బొటనవేళ్ళు ఫోను మీద ఆడుతుంటే చూస్తూ నా ఆట నేను మర్చిపోయేవాణ్ణి. నాకు ఆ వేగం లేదు. నాకున్నదల్లా గుర్తుపెట్టుకునే బుర్ర. ద్వారకా నగర్‌లో కోచింగ్ అయిపోయాక, మధ్యాహ్నాలు ఆ పక్క మేడ మీదున్న గేమింగ్ సెంటర్‌లో కూర్చునేవాళ్ళం. ఏ శత్రువుకు ఏ ఆయుధం పనిచేస్తుందో నా ఫిజిక్స్ నోట్సు వెనక పేజీల నిండా రాసుకున్నాను. అదే శ్రద్ధ ముందు పేజీల మీద పెట్టి ఉంటే ఇంజనీరు అయ్యేవాడివని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. మిగతా జట్లలో విలుకాడు తనకేం కావాలో తనే చూసుకుని కొనుక్కుంటాడు. నూకరాజు చూడడు. నేను పేరు చెబుతాను, వాడు కొంటాడు. ఎందుకని అడగడు. ఆ అలవాటు వాడు బోటు మీద నుంచి తెచ్చుకున్నాడు. సరంగు తిప్పమన్నాక ఎందుకని అడుగుతూ కూర్చుంటే ఆ కాస్తలో వల పోయి బోటు కింద తిరిగే ఫ్యానుకు చుట్టుకుంటుందట. ఆటలో వాడు నన్ను సరంగూ అనే పిలిచేవాడు, బయట బావా అని. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో.

ఇంకో సంగతి చెప్పకపోతే నా తప్పు బరువు మీకు తెలియదు. నూకరాజుకు సముద్రం పడదు. బోటెక్కితే వాంతులు. తాతల నాటి నుంచి చేపల వేట మీద బతికిన ఇంట్లో పుట్టి, నీళ్ళ మీద నిలబడలేకపోవడం వాడికి తలవంపులు. ఆ ఏడాది ఒక కాలేజీ హాల్లో పెద్ద పోటీ జరిగింది. మేం ఫైనల్‌కు వెళ్ళాం. హైదరాబాద్ జట్టు ఒకదానికి ఆటగాళ్ళను ఎంచే మనిషి చూడటానికి వచ్చాడు. ఎంపికైతే సరే, లేకపోతే వారంలో బోటెక్కాలి, ఇదీ వాడికీ వాళ్ళ నాన్నకూ ఉన్న ఒప్పందం. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆట మొదలయ్యే ముందు ఆ మనిషి మా బల్ల దగ్గరికి వచ్చాడు. నూకరాజు భుజం తట్టి, ఆయుధాలు భలే సమయానికి కొంటున్నావు, అంత బుర్ర అందరికీ ఉండదు అన్నాడు. వాడు నవ్వాడు. చెవులకు హెడ్‌సెట్ ఉంది, సరిగ్గా విన్నాడో లేదో కూడా తెలియదు. నోట్సు ఒళ్ళో పెట్టుకుని నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ మనిషి నా వైపు చూడలేదు. అంతే జరిగింది. నన్ను ఎవరూ తిట్టలేదు, తోసేయలేదు. ఇంత చిన్న దానికి అంత పని చేస్తారా ఎవరైనా? నేను చేశాను.

ఆట చివరికొచ్చింది. ఎదుటివాళ్ళలో ముందు నడిచే ఇద్దరూ నిలువునా కవచాలు తొడుక్కున్నారు. నూకరాజు దగ్గర ఆరో ఆయుధానికి సరిపడా బంగారం ఉంది.

"సరంగూ, సెప్పు," అన్నాడు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

విల్లు అన్న మాట నా నాలుక చివర ఉంది. ఒట్టు, అక్కడే ఉంది.

"కత్తి," అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే ఎవరో అన్నట్టు వినిపించింది. వాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కొన్నాడు. ఆ ఆటలో కొన్నదాన్ని వెంటనే అయితే వాపసు ఇచ్చేయొచ్చు, ఆ వీలుంది. పొరపాటు చెప్పానురా, విల్లు తీసుకో అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నాకు వ్యవధి ఉంది, నోరు ఉంది. నేను అనలేదు. బాణాలు వెళ్ళి కవచాలకు తగిలి ఊరికే రాలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. మా కోట కూలింది.

జట్టులో మిగతా ముగ్గురూ వాడి మీద పడ్డారు. చేతులు వణికాయా, నిద్రపోయావా అని. నా సెయ్యే సరిగ్గా ఆడలేదు అని తల దించుకున్నాడు వాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి, పర్లేదులేరా అన్నాను. నమ్మినవాడి గొంతు కోసి, ఆ గొంతుకే కట్టు కట్టాను. ఆ వారంలోనే వాడు బోటెక్కాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

నేను ఫార్మసీ చదివాను. ఇప్పుడు సీతమ్మధారలో ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే కౌంటర్ మీద ఒక చీటీ పెట్టి ఎవరో నా వైపే చూస్తూ నిలబడ్డారు. ఎండకు నల్లబడిన మొహం, మోకు పట్టి కాయలు కాసిన చేతులు. ఆ బొటనవేళ్ళను బట్టి గుర్తుపట్టాను.

"బావా, నువ్వేటి ఇక్కడ?" అన్నాడు. వాళ్ళమ్మకు బీపీ మాత్రల కోసం వచ్చాడు.

"ఇంకా బోటు మీదికే వెళ్తున్నావా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎల్తన్నాను. ఏటి సేత్తాం మరి. ఇప్పటికీ మొదటి రెండ్రోజులు వాంతులే బావా. ఒడ్డు కనపడేదాకా నాను మనిషిని కాదు," అని నవ్వాడు. తర్వాత కొంచెం మొహమాటంగా, "ఒకటడుగుతాను, ఏటనుకోకు. ఆ రోజు కత్తి ఎందుకు కొనమన్నావ్? నానైతే విల్లే అనుకున్నాను. బోటు మీద కాలీగా కూకున్నప్పుడల్లా ఆలోసిత్తాను. అంతు సిక్కలేదు," అన్నాడు.

వాడికి తెలుసు. ఆ ఒక్క క్షణం వాడు ఆగింది అందుకు. విల్లు కొనాలని వాడి బుర్రకు తెలిసి కూడా, నేను చెప్పానని కత్తి కొన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా నిలదీయడానికి అడగట్లేదు, నేర్చుకోవడానికి అడుగుతున్నాడు. చెప్పేయ్, ఇప్పుడైనా చెప్పేయ్ అని నాలో ఏదో అరుస్తోంది. నేను నోరు తెరిచాను.

"వాళ్ళ మంత్రగాడు నిన్నే గురి పెట్టాడురా రాజూ. నువ్వెక్కడ చచ్చిపోతావోనని భయమేసింది. కత్తి ఉంటే ప్రాణం తిరిగొస్తుంది కదా," అన్నాను.

తడుముకోలేదు. ఒక్క మాట తడబడలేదు.

వాడి మొహం విచ్చుకుంది. "అదీ! నాను అలగే అనుకున్నాను. మా ఇంటిదానికి కూడా అదే సెప్పినాను, మావోడు నన్ను బతికించడానికే సెప్పుంటాడు, నా సెయ్యే అందుకోలేకపోనాదని."

మాత్రలు కవర్లో వేసి ఇచ్చాను. చీటీతో ఒకసారి సరిచూసుకోమన్నాను. అందరికీ చెప్పే మాటే.

"నువ్విచ్చినాక మల్లీ సూడ్డమేటి సరంగూ," అని కవరు సంచిలో పడేసుకుని వెళ్ళిపోయాడు.

బిల్లు కాపీ ముందు పెట్టుకుని మూడుసార్లు చూశాను. మందులు సరిగ్గానే ఇచ్చాను. అయినా నాలుగోసారి చూశాను. మొదటి అబద్ధానికి కుర్రతనం అని, అసూయ అని ఏదో ఒక పేరు పెట్టుకోగలిగాను. దీనికి ఏం పేరు పెట్టను? ఇప్పుడు నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు. పోటీ లేదు, ఎంపిక లేదు. అయినా అంత చక్కటి అబద్ధం, కారణాలతో సహా, నాలో ఎక్కడ సిద్ధంగా కూర్చుని ఉంది? ఇన్నేళ్ళూ నా తప్పును మోస్తున్నానని అనుకున్నాను. దాన్ని పెంచి పెద్ద చేస్తున్నానని అనుకోలేదు.

హార్బర్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. బండి మీద వెళ్ళిరావచ్చు. వాడిప్పుడు వేటలో ఉన్నాడు, తిరిగొచ్చాక వెళ్ళి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అది మూడో అబద్ధం అవుతుందేమో. అందుకే వాడితో అనలేకపోయినది మీతో అంటున్నాను. నన్ను ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, మంచి మాట మాత్రం ఒక్కటీ చెప్పకండి.

వాళ్ళ మంత్రగాడు అప్పటికే చచ్చి పడి ఉన్నాడు. నూకరాజు ప్రాణానికి ఏ భయమూ లేదు. కొనాల్సింది విల్లు. నాకు తెలుసు.