వాల్ ఆంటీ కూతురు

నలభై ఏళ్ళు మా హాల్లో గోడ మీద ఒకావిడ కూర్చుని గుండీ కుట్టింది. ఒక్కటే గుండీ. ఇంకా పూర్తి కాలేదు.

అది మూరెడు కూడా లేని నూనెరంగుల చిత్రం. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో నీలం గౌను వేసుకున్న ఆవిడ, ఒళ్ళో మగవాళ్ళ చొక్కా, చేతిలో సూది. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా కుదురుకుని, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మేము ఇల్లు కొన్న ఏడాది సంగతిది. ఎవరో ముసలాయన పోయాక ఆ ఇంట్లో సామానంతా అమ్మేస్తున్నారంటే ఇద్దరం వెళ్ళాం. నేను వెళ్ళింది ఇస్త్రీ బల్ల కోసం. ఆయనేమో ఈ బొమ్మని చంకలో పెట్టుకుని వచ్చారు. ఆయనతో వాదిస్తున్న ఐదు నిమిషాల్లో ఇస్త్రీ బల్ల ఎవరో కొనుక్కుపోయారు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఉంది.

మరుసటి ఏడు మా అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చారు. సూట్‌కేసు మేడ మీదికి ఎక్కకముందే హాల్లో నిలబడిపోయారు.

"ఎవరే ఈ అమ్మాయి? చూడబోతే సంసారపక్షంగా ఉంది. మొగుడి చొక్కాకి గుండీ కుట్టుకుంటోంది. మొహాన బొట్టు లేదేంటి?"

"తెల్లవాళ్ళు అత్తయ్యా, వాళ్ళు పెట్టుకోరు."

"వాళ్ళింట్లో పెట్టుకోకపోతే పోనీ. ఇప్పుడు మనింట్లో ఉందిగా!"

చేతిసంచీలోంచి స్టిక్కర్ల అట్ట తీసి, ఎర్ర బొట్టు ఒకటి ఆవిడ నుదుటికి అతికించేశారు. మా ఆయన లబోదిబోమన్నారు. "అమ్మా, అది ఆయిల్ పెయింటింగమ్మా!"

"నూనెదైతే త్వరగానే ఊడుతుందిలే. శుక్రవారం శుక్రవారం మారుస్తూ ఉండవే కోడలా," అన్నారు అత్తగారు.

ఆవిడ చెప్పినవి నేను చాలా చెయ్యలేదు. పెరుగు తోడుపెట్టే పద్ధతి మార్చుకోలేదు, మంగళవారం ప్రయాణాలు మానుకోలేదు. ఇది మాత్రం ఎందుకో చేశాను. శుక్రవారం తలంటుకుని నా బొట్టు మార్చుకునేటప్పుడు గోడ మీది ఆవిడది కూడా మార్చేదాన్ని. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ ఆంటీయే కాబట్టి, ఈవిడ వాల్ ఆంటీ అయింది. "వాల్ ఆంటీ చూస్తోంది" అంటే చాలు, చాక్లెట్ డబ్బా దగ్గర చెయ్యి ఆగిపోయేది.

మా ఆయన పొద్దున్నే కాఫీ తెచ్చుకుని సరిగ్గా ఆ బొమ్మ ఎదురుగా కూర్చునేవారు. "ఏమ్మా, ఇవాళైనా అవుతుందా ఆ గుండీ?" అని అడిగేవారు. నాతో మాట్లాడని రోజులున్నాయి గానీ ఆవిడని ఆ మాట అడగని రోజు లేదు. మూడేళ్ళ క్రితం ఆయన పోయారు. అప్పటి నుంచి అదే కుర్చీలో కూర్చుని నేను అడుగుతున్నాను. ఆ మధ్య బంధువులావిడ ఒకరు పలకరించడానికి వచ్చి, ఇంకా బొట్టెందుకన్నట్టు నా మొహం అదోలా చూసింది. ఆవిడ కారు వీధి మలుపు తిరిగేలోపు నాకూ వాల్ ఆంటీకీ ఇద్దరికీ అట్టలో అన్నిటికన్నా పెద్ద సైజు స్టిక్కర్లు పెట్టాను.

పోయినేడు ఇల్లు అమ్మేసి, న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాలని అనుకున్నాం. సామాను తరలించేవాళ్ళకి ఇన్సూరెన్స్ కాగితాలు కావాలంటే, సర్దడానికి వచ్చిన మా అమ్మాయి బొమ్మని ముందూ వెనకా ఫోటోలు తీసి, చిత్రాలకి విలువ కట్టే ఒకావిడకి పంపింది. వెనక చెక్క మీద పసుపెక్కిన కాగితం ముక్క, దాని మీద జర్మన్‌లో ఏదో రాత, నీలం పెన్సిల్‌తో ఒక నంబరు ఉంటాయి. దుమ్ము దులిపినప్పుడల్లా చూసినవే. ఏ కొట్టువాడో వేసుకున్న నంబరని మేమిద్దరం అనుకునేవాళ్ళం.

వారం తర్వాత ఆ విలువ కట్టే ఆవిడ ఫోన్ చేసింది. నుదుటి మీద ఆ ఎర్రచుక్క ఏమిటని ముందు అడిగింది. మా అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది. తర్వాత ఆవిడ గొంతు మారింది. ఆ చిత్రం వియన్నాలో ఒక యూదుల ఇంట్లోదట. నాజీ అధికారులు ఆ ఇంటికొచ్చి, ఉన్న వస్తువులన్నిటికీ జాబితా రాసి, నంబర్లు వేసి పట్టుకుపోయారట. మా బొమ్మ వెనకున్న నంబరు ఆ జాబితాలో ఉందట. బొమ్మలో ఉన్నది ఆ ఇంటి ఇల్లాలే. నాలుగేళ్ళ కూతురిని తల్లిదండ్రులు, యూదుల పిల్లల్ని కాపాడి ఇంగ్లండ్ చేర్చే రైలు ఎక్కించారు. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరినీ నాజీలు క్యాంపుకి తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి రాలేదు. ఆ కూతురు ఇప్పుడు తొంభైకి దగ్గర పడి, ఇక్కడికి మూడు గంటల దూరంలో క్లీవ్‌లాండ్‌లో ఉంది. ఈ బొమ్మ పోయిందని ఎన్నో ఏళ్ళ క్రితమే నమోదు చేయించి, వెతుకుతూనే ఉందట. ఆవిడ తరఫు లాయరు మాకు ఉత్తరం రాస్తారట.

ఇది విన్నాక నాకు ముందు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండిపోయింది.

"అంటే మేమేంటి, దొంగసొమ్ము ఇంట్లో పెట్టుకున్నామా? మీ నాన్న డబ్బిచ్చి కొన్నారు. నా ఇస్త్రీ బల్ల పోగొట్టి మరీ కొన్నారు!"

"నిన్నెవరూ బ్లేమ్ చెయ్యట్లేదు అమ్మా."

"చెయ్యకపోతే లాయర్ ఎందుకు?"

బొమ్మ తిరిగి ఇవ్వమని లాయరు ఉత్తరం చాలా మర్యాదగానే వచ్చింది. చదివి, వంటింటి సొరుగులో కూపన్ల అడుగున పెట్టేశాను. రెండు వారాలు ఆ సొరుగు తియ్యలేదు. ఆ బొమ్మ ఎవరిదో, ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. అది పోతే పొద్దున్న కాఫీ పట్టుకుని ఎవరి ఎదురుగా కూర్చోవాలి? ఆయన గొంతు ఈ ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ గోడ దగ్గరే ఉంది. ఆయన్ని ఒకసారి పంపించాను, మళ్ళీ రెండోసారి పంపించమంటున్నారని అనిపించింది. ఇవ్వకూడదనే అనుకున్నాను.

మా అమ్మాయి నన్ను బలవంతపెట్టలేదు. తన ఇంటికి తిరిగి వెళ్ళేముందు మాత్రం, షూస్ వేసుకుంటూ, తల ఎత్తకుండా ఒక మాట అంది.

"అమ్మా, ఆవిడ దగ్గర వాళ్ళ మదర్‌ది ఫోటో ఒక్కటి కూడా లేదంట. దిస్ ఈజ్ ఇట్."

మర్నాడు ఆ లాయరుకి నేనే ఫోన్ చేశాను. వచ్చి చూసుకోమనండి, అన్నాను. చూసుకోవడానికి మాత్రమే అని రెండుసార్లు చెప్పాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం వచ్చారు. మా అమ్మాయి కూడా ఆ వారాంతానికి వచ్చింది. పెద్దావిడని కొడుకు డ్రైవ్ చేసి తీసుకొచ్చాడు. ఆయనకే అరవై దాటాయి. ఆవిడ బాగా చిన్న మనిషి. ఊదారంగు స్వెటరు, చేతికర్ర. గుమ్మంలోనే ఆ కొడుకు నాకు మెల్లగా చెప్పాడు, వాళ్ళమ్మకి కళ్ళలో మధ్య చూపు పోయిందని. ఎదురుగా దేన్ని చూసినా మధ్యలో బూడిదరంగు మచ్చే కనిపిస్తుందట, చుట్టూ అంచులు మాత్రం తెలుస్తాయట. "మూడేళ్ళ క్రితం దొరికి ఉంటే చూసి ఉండేది," అన్నాడు. నేను చెప్పులు పక్కకి సర్దాను.

పెద్దావిడ బొమ్మకి జానెడు దూరంలో నిలబడింది. తల ఒక పక్కకి తిప్పింది, తర్వాత ఇంకో పక్కకి.

"నీలం తెలుస్తోంది. కిటికీ తెలుస్తోంది. మొహం దగ్గరికి రాగానే పోతోంది," అంది.

"నేను చెప్పానుగా అమ్మా, చాలా అందంగా ఉందని," అన్నాడు కొడుకు.

"అందంగా ఉందని ఎవరి అమ్మ గురించైనా చెప్తారు."

ఆ మాటతో నాకు ఆవిడ నచ్చింది. ఆ పొద్దున్న భయపడి బొమ్మకి బొట్టు తీసేశాను గానీ, నుదుటి మీద గుండ్రంగా పాలిపోయిన మచ్చ మిగిలిపోయింది. దాచడం నాకు చేతకాదు. అత్తగారి దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. బొమ్మ పాడుచేశానని క్షమించమన్నాను.

"ఎందుకు పెట్టేవారు?" అని అడిగింది.

"ఇంట్లో ఆడమనిషి నుదురు బోసిగా ఉండకూడదని."

"ప్రతి వారమా?"

"ఊళ్ళో ఉంటే ప్రతి శుక్రవారం."

ఆవిడ నా కుడిచెయ్యి వెతికి పట్టుకుంది. ఏ వేలితో అని అడిగింది. ఉంగరం వేలు చూపించాను. ఆ వేలిని కాసేపు తన గుప్పిట్లో ఉంచుకుంది. "నలభై ఏళ్ళు మా అమ్మని ఎవరో ముట్టుకుంటూనే ఉన్నారన్నమాట," అంది, నాతో కాదు, కొడుకుతో.

టీ పెట్టి తెచ్చేసరికి ఆవిడ మా ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా గోడ మీద వాళ్ళమ్మ. రెండు మొహాలూ ఒకేసారి నా కళ్ళబడ్డాయి, ఇక నా నోరు ఆగలేదు.

"నుదురు మాత్రం అచ్చు మీ అమ్మదే!"

"అమ్మా!" అని మా అమ్మాయి పళ్ళు బిగబట్టి పిలిచింది. ఉయ్యాల్లో పిల్లని చూసినా, పెళ్ళిలో పెళ్ళికూతుర్ని చూసినా పోలికలు చెప్పకుండా ఉండలేం మనం. ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నానో అన్న ఆలోచన అప్పుడు లేదు. మొదలుపెట్టాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. "ఎడమ కనుబొమ్మ చూడండి, కుడిదాని కన్నా కాస్త పైకి ఉంది. ఆవిడకీ అంతే. చెవి తమ్మె కూడా అంతే, చెంపకి అతుక్కుపోయి ఉంది. గడ్డం మీద ఆ చిన్న నొక్కు కూడా ఆవిడదే. ముక్కు మాత్రం కాదు. ఆవిడది సూటి ముక్కు. మీది మీ నాన్నగారిదై ఉంటుంది."

పెద్దావిడ చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. "నాన్నదా?"

"ఎవరిదో ఒకరిది కావాలిగా. ఆయన బొమ్మలో లేరు, చొక్కా ఒక్కటే ఉంది."

నవ్వుతుందనుకున్నాను. కప్పు కింద పెట్టేసింది. ఇంగ్లండ్‌లో తనని పెంచిన ఇంట్లో, ఎవరొచ్చినా ఆ ఇంటి పిల్లల్ని చూసి ఇది అమ్మ కళ్ళు, వీడు నాన్న నవ్వు అనేవారట. తన వంతు వచ్చేసరికి అందరూ ఊరుకునేవారట. కొడుకు పుట్టాక వాడు తన పోలికే అన్నారు. తనెవరి పోలికో చెప్పగలిగిన మనిషి అప్పటికి లోకంలో ఒక్కరూ లేరు.

"మళ్ళీ చెప్పండి. మెల్లగా," అంది.

కుర్చీ దగ్గరికి జరిగి మెల్లగా చెప్పాను. చెప్పిన చోటల్లా ఆవిడ మొహం మీద వేలు పెట్టి చూపించాను. నుదురు. కనుబొమ్మ. చెవి. గడ్డం. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. వాళ్ళబ్బాయి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నవ్వుతోందా?"

"ఇంకా లేదు. నవ్వబోతోంది. ఎవరో పిలిస్తే పని ఆపి తలెత్తినట్టుంది."

"ఎవరు పిలిచారు?"

దీనికి జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. మా ఇంట్లో ఆవిడని పలకరించే మనిషి మా ఆయన ఒక్కరేగా. అయినా చెప్పేముందు తలెత్తి చూశాను. నలభై ఏళ్ళలో ఎప్పుడూ గమనించనిది అప్పుడు కనిపించింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ వైపు కాదు ఆ చూపు. నిలబడ్డ పెద్దవాళ్ళ వైపు అసలే కాదు. ఇంకా కిందికి, కుర్చీ చెయ్యి ఎత్తులో ఆగి ఉంది.

"పెద్దవాళ్ళు కాదండీ. చూపు కిందికి ఉంది. మూడేళ్ళ పిల్ల వచ్చి పక్కన నిలబడితే ఎంత ఎత్తు ఉంటుందో, అక్కడ ఉంది."

ఆవిడని సంతోషపెట్టడానికి కల్పించి చెప్పలేదు. మా అమ్మాయి కూడా లేచి వచ్చి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిత్రాన్ని మేకు మీద నుంచి నేనే దించాను. వాళ్ళబ్బాయి సాయానికి వస్తే అక్కర్లేదన్నాను. తీసుకొచ్చి పెద్దావిడ ఒళ్ళో, మొహం ఆవిడ వైపు ఉండేలా పెట్టాను.

"మీ అమ్మని మీ ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాను.

ఆవిడ రెండు చేతులతో చట్రం పట్టుకుంది. తర్వాత బాగా వంగి, "మామా," అని చిన్నప్పటి జర్మన్‌లో అమ్మని పిలిచింది. బదులు వస్తుందేమోనన్నట్టు తల పక్కకి వంచి ఆగింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మా ఆయన కోసం ఏడ్చానో ఆ పిల్ల కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.