ఆ పైగొంతు

శానా ఏండ్లుగా ఇది గుండె మీద రాయి మాదిరి కూచోనుండాది. ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తాండా, ఎందుకంటే నువ్వు మా ఇంటి మనిషివి కాదు.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పాత సినిమా పాటలు ఇంట్లోనే పాడి, ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాంటి. మామూలు దినాల్లో వీధంతా మగ్గాల చప్పుడే. అమావాస్యకు మావోళ్లు మగ్గం ముట్టరు. ఆ పొద్దే నా రికార్డింగు.

ఒక పాటలో చరణం చివర గొంతు శానా పైకి పోవాల. నాకు అందలేదు. శ్రుతి తగ్గిస్తే పల్లవి గొణిగినట్టుండె. గొంతు సన్నం చేసి దొంగగొంతుతో పాడితే పిల్లి అరిచినట్టుండె. మా అన్న పెండ్లాం, మా వదిన, ఎవరి కాడా నేర్చుకోలేదు గానీ నేసుకుంటానే ఎంత పైకైనా పాడతాండె. "ఈ ఒక్క ముక్క పాడు వదినా" అంటి. బయటి చప్పుడు రాకుండా దుప్పటి కప్పుకోని, సిగ్గుపడతా పాడింది. మా ఇద్దరి గొంతులూ దగ్గరగానే ఉంటాయి. అతికించినా. ఎవరూ కనుక్కోలేదు.

కింద నా ఒక్కదాని పేరే పెట్టినా. మర్చిపోయినానా? లేదు. ఆమె పేరు రాసి చెరిపేసినా. నా పాటలో ఇంకొకరి పేరెందుకు అనుకుంటినో, నాకంటే బాగా పాడిందని కుళ్లుకుంటినో... కుళ్లే. ఇంకేముంది!

పాటకు మంచి పేరొచ్చింది. వదిన కూడా వినింది. తన గొంతు ఫోన్‌లో ఎప్పుడూ విన్న మనిషి కాదు పాపం, గుర్తుపట్టలేదు.

"అబ్బ, పైన ఎంత బాగా పాడినావమ్మీ! మరి నాది యాడ?"

నిజం నోటిదాకా వచ్చింది.

"నీది బాగా రాలేదు వదినా. కీచుమనింది. తీసేసినా."

"అంతేలే, నాకెందుకు పాటలు" అని నగింది.

నగింది గానీ, ఆ తర్వాత మగ్గం కాడ పాడలేదు. ఏమైందని మా అన్న అడిగితే, నాది కీచుగొంతంట అనింది. పక్కనే నేను అన్నం తింటాంటి. తల వంచుకోని ఇంకో ముద్ద కలుపుకుంటి. ఏం మనిషిని నేను?

బిడ్డ పుట్టినాక కూడా జోలపాట లేదు. ఊరికే జోకొట్టి పండబెడతాది. అది చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకుంటా. చెప్తే ఒక్క మాటన్నా తిట్టకుండా క్షమిస్తాదేమో, నాకు ఆ భయం కూడా ఉండాది.

నీకన్నా చెప్పనీ. అందరూ మెచ్చుకున్న ఆ పైగొంతు మా వదినది.