పసుపు కలిపిన బియ్యం

మొన్న ఆదివారం మా మనవరాలు కౌలాలంపూరు బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాయట. పాసైంది కానీ చెప్పుకునేలా కాదు. “ఈ మార్కులతో మెడికల్ సీటు ఎవరిస్తార్లా, అమ్మమ్మా” అంది. దాని తెలుగు అంతే, సగం తమిళం, తోకకు ఒక ‘లా’. వాళ్లమ్మ వంటింట్లోంచి ఏదో ఓదార్పు మొదలుపెట్టబోతే నేనే వద్దన్నాను. ఇంతకంటే తక్కువ మార్కులతో డాక్టరైన మనిషి మన ఇంట్లోనే ఉన్నాడు, ఆయన ఏ దారిన వెళ్లాడో చెబుతాను విను అన్నాను. పిల్లకు దారి వరకే చెప్పాను. దారిలో ఏమైందో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన మా చిన్నాన్న, మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. అప్పుడు మేము సుంగై సుమున్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటులో ఉండేవాళ్లం. నాన్న అక్కడ కిరాణి, అంటే ఆఫీసు గుమస్తా. కొబ్బరి ఎండబెట్టే కొట్టాల నుంచి తియ్యటి పొగవాసన రోజంతా వచ్చేది. మా బట్టలకు, జడలకు, చివరికి తాగే నీళ్లకు కూడా అదే వాసన. ఎమర్జెన్సీ రోజులవి. ఇండియాలో తరవాతెప్పుడో వచ్చినది కాదు, మలయాలో తెల్లవాళ్లు పెట్టినది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైనికులు, వరసగా కట్టిన మా లైను ఇళ్ల చుట్టూ ముళ్లకంచె. పొద్దుగూకితే కర్ఫ్యూ. అన్నింటికంటే పెద్ద చట్టం బియ్యానిది. రేషను బియ్యం ఇంట్లో వండుకోవాలి, ఇంట్లోనే తినాలి, ఒక్క గింజ కూడా గేటు దాటకూడదు. దాటితే అడవిలోవాళ్లకు చేరుతుందని భయం. గేటు దగ్గర ఆడవాళ్ల కొంగులు దులిపించేవారు, సైకిలు పంపుల్లోకి కూడా తొంగిచూసేవారు. మా పక్కింటి ముసలమ్మ తన చుట్టచుట్టిన జడను విప్పించినందుకు ఆ పోలీసును వారం రోజులు తిట్టింది, పాపం అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

చిన్నాన్న అప్పటికి మద్రాసులో బి.ఎస్సీ. చదివి వచ్చాడు. చదివాడు అనడం కొంచెం మర్యాదకే. మొదటి రెండేళ్లు బ్యాడ్మింటన్‌లో బాగా రాణించాడు. మూడో ఏడు బుద్ధిగా కూర్చునేసరికి తాతయ్య పోయాడని ఉత్తరం వెళ్లింది. తాతయ్యకు కడుపునొప్పి కర్ఫ్యూ వేళలో వచ్చింది. గేటు తీయించి లారీ కదిలేసరికి చాలా ఆలస్యమైంది. ఆ ఉత్తరం చేతికందిన నెలలోనే పరీక్షలు. మూడో తరగతిలో గట్టెక్కాడు, కెమిస్ట్రీలో అయితే అంచు మీద. ఓడ దిగి ఇంటికి వచ్చి, నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, డాక్టరు చదువుతానని చెప్పాడు. నాన్న నవ్వలేదు కానీ, నవ్వు ఆపుకున్నట్టు నాకు గుర్తు.

ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ మెట్ల మీద కూర్చుని చాలా సాయంత్రాలు ఆలోచించారు. వచ్చిన మార్కులు ఎవరూ మార్చలేరు. కాబట్టి ఆ మార్కుల పక్కన మంచివి ఇంకేవైనా నిలబెట్టాలి. చిన్నాన్న టౌను ఆసుపత్రి లాబరేటరీలో చిన్న ఉద్యోగంలో చేరాడు. కెమిస్ట్రీ పరీక్ష ప్రైవేటుగా మళ్లీ రాశాడు, ఈసారి మంచి మార్కులే వచ్చాయి. అక్కడి పెద్ద డాక్టరు ఈయన పని చూసి తనంతట తానే సిఫారసు చేశాడు. రెండేళ్లు పట్టింది. మెర్దేకాకు, అంటే మలయా స్వతంత్రానికి, కొన్ని నెలల ముందు పిలుపు వచ్చింది. సింగపూరు మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్లు కౌలాలంపూరు వచ్చి, మెడికల్ సీటు అడిగినవాళ్లను చూస్తారట. ఇంటర్వ్యూ మధ్యాహ్నం. చిన్నాన్న ముందురోజే టౌను నుంచి ఇంటికి వచ్చాడు, నాయనమ్మ దీవెన లేకుండా వెళ్లడం ఇష్టంలేక.

తెల్లవారి కర్ఫ్యూ తీయగానే బయలుదేరాడు. నాయనమ్మ అక్షింతలు వేసింది. అంతటితో ఆగితే బాగుండేది. లోపలికి పిలిచేముందు నువ్వే తల మీద వేసుకో అని, గుప్పెడు అక్షింతలు రుమాలులో ముడివేసి ఆయన జేబులో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమెకు గానీ, మాకు గానీ గేటు గుర్తే రాలేదు. పసుపు కలిపిన అక్షింతలను బియ్యం అని మాలో ఎవరైనా అనుకుంటే కదా!

రోజూ ఉండే మలాయి కానిస్టేబులుకు మా మొహాలన్నీ తెలుసు. ఆ రోజు అతని పక్కన కొత్తగా వచ్చిన తెల్ల సార్జెంటు ఉన్నాడు. రుమాలు విప్పి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. చిన్నాన్న “రైస్” అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ మాటతో ఆయన్ను గేటు దగ్గరే ఆపేశారు, కౌలాలంపూరు బస్సు వదిలి వెళ్లిపోయింది. ఎస్టేటు దొర వచ్చి, ఈ కుర్రాడు మా కిరాణి తమ్ముడు, మంచివాడు అని పూచీ పడేసరికి మధ్యాహ్నం దాటింది. మరో తారీఖు ఇమ్మని రాస్తే, వచ్చే ఏడాది రమ్మని మర్యాదగా జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం నాయనమ్మ అన్నం ముట్టలేదు. చిన్నాన్న ఎదురుగా కూర్చుని, కోపం లేకుండా, నిజంగా తెలియక అడిగింది: “బియ్యమని ఎందుకు సెప్పినావురా నాయినా? పసుపు కలిపినాక అవి బియ్యమేటి? అచ్చింతలు కదా.”

“ఆళ్ల బాసలో దానికి మాట లేదమ్మా” అన్నాడు చిన్నాన్న.

ఆగస్టులో మెర్దేకా వచ్చింది. ఆఫీసు ముందు కొత్త జెండా ఎగిరింది, మాకు మిఠాయి పంచారు. దేశానికి స్వతంత్రం వచ్చినా మా గేటుకు మాత్రం ఇంకా రాలేదు. మరుసటి ఏడు మళ్లీ పిలుపు వచ్చినప్పుడు నాయనమ్మ అక్షింతల గిన్నె ముట్టనంది. చిన్నాన్నే బియ్యానికి పసుపు కలిపి ఆమె చేతిలో పెట్టి, కంచె లోపలే వంగి నిలబడ్డాడు. దీవించాక నాన్న ఆయన జుట్టు దువ్వి, కాలరు మడత విప్పి, ప్యాంటు అంచులు దులిపి, గింజ గింజా ఏరాడు. కానిస్టేబులు అటు తిరిగి నిలబడ్డాడు. ఇంటర్వ్యూలో కెమిస్ట్రీ మార్కుల గురించే మొదట అడిగారట. చిన్నాన్న తాతయ్య సంగతి, ఆ తరవాత చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పాడు. సీటు ఇచ్చారు.

ఆయన ఇంకా చదువుతుండగానే నాయనమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. సెలవు పెట్టి వచ్చాడు. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన స్టెతస్కోపు ఆమె వీపుకు ఆనించి చాలాసేపు విన్నాడు. విన్నది ఆయనకు అర్థమైందని ఆ మొహమే చెప్పింది. మందు రాసే అధికారం మాత్రం ఇంకా లేదు. టౌను డాక్టరుకు మనిషిని పంపించి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

“డాక్టరు అయిపోనావేటిరా?” అంది నాయనమ్మ.

“ఇంకొక్క ఏడాది ఉందమ్మా.”

ఆమె తల ఊపింది. గదిలో ఉన్న మేమంతా ఏ ఏడాది అది అని మనసులో లెక్క వేసుకున్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మరో రెండు రోజులకు ఆమె పోయింది. గేటు దగ్గర బస్సు తప్పినప్పుడు ఎస్టేటంతా మా ఇంటికి వచ్చి, ఏడాదే కదా అని చిన్నాన్నను ఓదార్చింది. ఆ మాట నేను ఇప్పటికీ ఎవరితోనూ అనలేను.